కండరం నమూనాలో ఎల్‌డీహెచ్ సున్నా చూపిస్తే: నా అనుభవం

ఎలుక కండరం నూరి ల్యాక్టేట్ డీహైడ్రోజినేస్ (ఎల్‌డీహెచ్) అనే ఎంజైమ్‌ను కొలుస్తుంటే 340 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ రీడింగ్ కదలనే లేదు. ఈ ఎంజైమ్ పైరువేట్‌ను ల్యాక్టేట్‌గా మారుస్తూ ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చు చేస్తుంది, అది తగ్గేకొద్దీ ఆ రీడింగ్ దిగాలి. 3 వారాలు ఇదే టెన్షన్. కొత్త ఎన్‌ఏడీహెచ్, కొత్త పైరువేట్, పీహెచ్ సవరణ, ల్యాంప్ మార్పు, ఏవీ పనిచేయలేదు.

చివరికి దారి చూపింది మొదటి రీడింగే. 0.2 మిల్లీమోలార్ ఎన్‌ఏడీహెచ్‌కి 1 సెంటీమీటర్ క్యువెట్‌లో (నమూనా పోసే చిన్న పారదర్శక పాత్ర) దాదాపు 1.24 రావాలి. నాకు వచ్చింది 0.1. అంటే ఎంజైమ్ చచ్చిపోలేదు. మరీ ఎక్కువై, క్యువెట్‌ను మెషిన్‌లో పెట్టేలోపే ఎన్‌ఏడీహెచ్ అంతా ఖర్చు చేసేసింది!

ముందు నమూనాను చల్లటి ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) 10, 100, 1000 రెట్లు పలుచన చేశాను. బఫర్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపాను, లేకపోతే పలుచటి ఎంజైమ్ ట్యూబ్ గోడలకు అంటుకుపోతుంది. తర్వాత పైరువేట్ లేకుండా 2 నిమిషాలు చూసి, ఆ కాస్త తగ్గుదలను రాసుకున్నాను, తర్వాత తీసివేయడానికి. ఆఖరున పైరువేట్ వేసి, వెంటనే కలిపి, ప్రతి 5 సెకన్లకు రీడింగ్. 1000 రెట్ల దగ్గర గీత తిన్నగా దిగింది. ఇంకో రెండింతలు పలుచన చేస్తే వేగం సరిగ్గా సగమైంది. అప్పుడే ఆ అంకెను నమ్మాను.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. సీరమ్‌లో ఈ ఎంజైమ్ చాలా తక్కువ, ఇంత పలుచన చేస్తే అసలేమీ కనబడదు. గుండె, కాలేయాలకు ఎన్ని రెట్లో మీ నమూనాతోనే తేల్చుకోండి.