వాట్సాప్‌లో పుస్తకం గురించి రాస్తే అవతలివాళ్లు చదివేలా రాయడం ఎలా?

"అద్భుతం, తప్పక చదవండి" అని గ్రూపులో పెడితే నాలుగు దండాలు, పది బొటనవేళ్లు వస్తాయి. పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు. ఆ మాటలో మీకు నచ్చిందన్న సంగతి తప్ప ఇంకేమీ లేదు మరి. తణుకులోనో అమలాపురంలోనో ఉన్న పాఠకుడికి కావలసినవి వేరు: ఇది నా కోవ పుస్తకమేనా, ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లు పడుతుంది.

ముందు పుస్తకాన్ని చేతిలో పెట్టుకోండి. పేరు, రచయిత, కథలా నవలా, పేజీలు, ధర, ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం చూసి రాయండి. పాత తెలుగు పుస్తకాలు ఒకే పేరుతో రెండు మూడు చోట్ల నుంచి వస్తుంటాయి. ఒకదాంట్లో కథలు తక్కువ, ఇంకోదాంట్లో అక్షరం చీమ తలంత. పెద్దవయసువాళ్లున్న గ్రూపులో అక్షరం సైజు చెప్పడం కథ చెప్పడంకన్నా ముఖ్యం. అట్టదొకటి, ముద్రణ వివరాలున్న పేజీదొకటి ఫొటోలు చాలు. ఫ్లాష్ వేస్తే లామినేషన్ మీద తెల్లమచ్చ పడుతుంది. అరుగు మీద నీడలో పెట్టి తీయండి.

తర్వాత ఎవరి కోసం రాస్తున్నారో తేల్చుకోండి. అందరికీ అని రాస్తే ఎవరికీ తగలదు. ఉదాహరణకి:

"శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’. పెద్ద కథ, ఒక మధ్యాహ్నం చాలు. చదరంగం ఆడేవాళ్లు ముందు చదవండి. ఓ కుర్రాడు ఆటలో తన సత్తా చూపించాలని పెద్దాపురం వస్తాడు. మాటలన్నీ పాత గోదావరి ఇళ్ల తెలుగు. ఆటకు కూర్చునేదాకా కాస్త ఓపిక పట్టాలి."

చివరి వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది, తీయకండి. నిదానంగా ఉన్నచోటు ముందే చెబితే పాఠకుడు దాన్ని దాటుతాడు. చెప్పకపోతే అక్కడే ఆగి, మీరు రాసే తర్వాతి పుస్తకాన్నీ నమ్మడు. కథలో మొదటి పావువంతు దాటి ఏమీ విప్పొద్దు. పై కథలో కుర్రాడు బహుమతిగా ఏమడిగాడో నేను రాయలేదు, పేరులోనే సగం చెప్పేసినా సరే.

మెసేజ్ ఎనభై మాటలు దాటకుండా చూసుకోండి. పొడవైతే వాట్సాప్ మడిచేస్తుంది, మడత విప్పి చదివేవాళ్లు తక్కువ. వాయిస్ పెట్టేవాళ్లు పుస్తకం పేరు, రచయిత పేరు కింద టైపు చేసి తీరాలి. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా వెతికితే గొంతు దొరకదు. గ్రూపంతా పేర్లకు ఒకే వర్ణక్రమం పెట్టుకోండి. ఒకరు "సుబ్రహ్మణ్య", ఇంకొకరు "సుబ్రమణ్య" అని రాస్తే వెతుకులాటలో సగం మెసేజ్‌లు కనబడవు.

ఇక దొరికే దారి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఉంటే ఆ మాట రాయండి. పాతవాటికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పెద్ద దిక్కు. పీడీఎఫ్ దగ్గర మాత్రం ఆగండి. మన దేశంలో కాపీరైటు రచయిత బతికున్నన్నాళ్లూ, పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లూ ఉంటుంది. శ్రీపాద 1961లో పోయారు, కాబట్టి 2022 నుంచి ఆయన రచనలు అందరివీ. చలం 1979లో పోయారు, అంటే 2039 చివరిదాకా ఆగాలి. పాత రచనకు కొత్తగా రాసిన ముందుమాటకు హక్కు వేరేగా ఉంటుంది. ఆ పేజీలు పంపకండి.

ఎప్పుడు పెడతారన్నది కూడా చూసుకోవాలి. సార్వా (వానాకాలపు వరి) కోతలప్పుడు ఆరువందల పేజీల నవల పెడితే రైతు ఇళ్లలో ఎవరూ కన్నెత్తి చూడరు. అప్పుడు చిన్న కథలు పెట్టండి. దాళ్వా (రెండో పంట) మాసూళ్లయి, కాలువలు కట్టేశాక లావుపాటివి.

మెసేజ్ చూసి ఎవరైనా మీ కాపీనే అడిగితే ఇచ్చే ముందు గ్రూపులోనే పేరు, తేదీ రాయండి. మూడు వారాల గడువు చాలు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద వెళ్లే పుస్తకానికి వానాకాలమనే కాదు, ఎప్పుడైనా ప్లాస్టిక్ కవరు రెండు మడతలు వేయాలి. తడిస్తే ఎండలో పెట్టకండి: అట్ట వంకర పోతుంది, వీపు జిగురు పగులుతుంది. ఇరవై పేజీలకొక తెల్ల కాగితం పెట్టి, నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, కాగితాలు తడిసినప్పుడల్లా మార్చండి. వార్తాపత్రిక పెడితే దాని సిరా పేజీలకు అంటుతుంది. ఆరాక బరువు కింద రెండు రోజులు ఉంచితే చాలావరకు సాపు అవుతుంది.

గడువు దగ్గరపడ్డాక "చదివారా?" అని అడగొద్దు, మొహమాటానికి చదివామంటారు. "ఎన్నో పేజీలో ఉన్నారు?" అని అడగండి.