ఎండాకాలం సాయంత్రం మిద్దె మీద స్వింగ్ డాన్స్ పెట్టుకోవాలంటే ఎలా చేయాలి?

కడపలో మే నెల సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు, పగలు 42, 43 డిగ్రీలు కాస్తాది, పైటాల నుంచి అందరం ఫ్యాన్ కింద పడుంటాం. కానీ పొద్దు గూకినాక కాసేపాగి మిద్దె ఎక్కి చూడండి, చిన్నగా గాలి మొదలవుతాది, ఆ రెండు రెండున్నర గంటల కోసమే ఇదంతా రాస్తున్నా. మేం పదీ పన్నెండు మంది ఫ్రెండ్స్ మూడేళ్ళుగా ఎండాకాలంలో మిద్దె మీద స్వింగ్ పాటలు పెట్టుకుని ఆడతాం, మొదలుపెట్టినప్పుడు మాలో ఒక్కరికి కూడా డాన్స్ రాదు.

స్వింగ్ అంటే అమెరికాలో నల్లజాతి వాళ్ళు పుట్టించిన జాజ్ సంగీతంలో ఆడడానికనే వాయించిన రకం. 1920ల చివర్లో న్యూయార్క్‌లోని హార్లెం అనే పేటలో నల్లజాతి కుర్రోళ్ళు ఈ పాటలకి పుట్టించిన జంట డాన్స్ పేరు లిండీ హాప్. అక్కడ 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ దీనికి పెద్ద ఇల్లు మాదిరి, చిక్ వెబ్ బ్యాండ్ వాయించేది, ఎల్లా ఫిట్జెరాల్డ్ ఇంకా ఇరవై కూడా నిండని వయసులో ఆ బ్యాండ్‌తో పాడింది. అప్పట్లో అమెరికాలో చానా హాళ్ళలో నల్లోళ్ళని తెల్లోళ్ళని కలిసి ఆడనిచ్చేవాళ్ళు కాదు, సవాయ్‌లో మాత్రం అందరూ ఒకే ఫ్లోర్ మీద ఆడినారు. నాకు ఈ డాన్స్ మీద ఇంత ఇష్టం రావడానికి సగం కారణం ఇదే.

ముందు చోటు చూసుకోండి

మిద్దె అయితే పిట్టగోడ నడుం ఎత్తు కన్నా తక్కువుంటే వద్దే వద్దు, తిరిగేటప్పుడు కళ్ళు జంట మీద ఉంటాయి గానీ గోడ మీద ఉండవు. గోడ మంచిగా ఉన్నా నాలుగడుగులు లోపలికి సుద్దముక్కతో గీత గీసి గీత దాటొద్దని ముందే చెప్పేయండి. ఒక్కో జంటకి ఆరడుగులు బై ఆరడుగులు కావాలి, అంటే ఆరు జంటలకి ఇరవై బై ఇరవై ఉంటే ఇరుకు లేకుండా ఆడొచ్చు.

కింద ఏముందో అది ఇంకా ముఖ్యం. మన కడప బండలు పరిచిన మిద్దె అయితే అదృష్టమే, కాలు సాఫీగా తిరుగుతాది, కానీ ఆ బండ పగలంతా ఎండని తాగి రాత్రి దాకా వేడి కక్కుతానే ఉంటాది. ఐదున్నరకి రెండు మూడు బిందెలు నీళ్ళు చల్లండి, ఏడు లోపల ఆరిపోవాలి, నున్నటి బండ తడిగా ఉంటే కాలు జారి పడతారు. బండల మధ్య సందులో సిమెంట్ లేచిపోయుంటే బొటనవేలు తగులుకుంటాది, అట్లాంటి చోటు వదిలేయండి. ఊర్లో అయితే శనక్కాయ పని అయిపోయిన కళ్ళం కూడా బాగుంటాది, దుమ్ము లేవకుండా కొంచెం నీళ్ళు చల్లి చిమ్ముకుంటే చాలు.

చెప్పులు వద్దు. కొత్త రబ్బరు బూట్లు ఇంకా వద్దు, అవి నేలకి పట్టేసుకుంటాయి, ఒళ్ళు తిరుగుతాది పాదం తిరగదు, ఆ మెలికంతా మోకాలు మీద పడతాది. అడుగు అరిగిన పాత కాన్వాస్ బూట్లు ఉంటే అవే బెస్ట్. మునివేళ్ళ మీద నిలబడి అటూ ఇటూ తిప్పి చూడండి, పట్టుకోకుండా జారకుండా తిరిగితే సరిపోయినట్లే.

పాటలు

కౌంట్ బేసీ, డ్యూక్ ఎలింగ్టన్, చిక్ వెబ్, బెన్నీ గుడ్‌మన్, ఎల్లా ఫిట్జెరాల్డ్, ఈ ఐదు పేర్లు వెతికితే ఒక ఎండాకాలానికి సరిపడా పాటలు దొరుకుతాయి. సాయంత్రం నెట్‌ని నమ్ముకోకుండా ముందురోజే ఫోన్‌లో దించి పెట్టుకోండి. మొదటిసారి ఆడేవాళ్ళకి నిమిషానికి 120 నుంచి 140 దెబ్బలు పడే పాటలు చాలు, దానికి యాప్ అక్కర్లేదు, పాట పెట్టి పదిహేను సెకన్లు కాలితో తాళం వేయండి, 30 నుంచి 35 వస్తే అది మీ పాట. యాభై దాటితే పక్కన పెట్టేయండి, అది ఇంకో ఏడాదికి. ఆ కాలం రికార్డు ఒక పక్కకి మూడు నిమిషాలే పట్టేది కాబట్టి ఈ పాటలన్నీ దాదాపు అంతలోనే అయిపోతాయి, మనకి అది చానా మంచిది, ఎందుకో కింద చెప్తా.

పది పదిహేను మందికి ఒక మంచి బ్లూటూత్ స్పీకర్ చాలు, నేల మీద కాకుండా స్టూల్ మీద గోడ మూలకి పెడితే సౌండ్ బాగా వస్తాది. కింద ఇంటోళ్ళకి, పక్కింటోళ్ళకి ముందే చెప్పండి, చెప్పడం కాదు పిలవండి, మేం పిలిచిన అవ్వా తాతలు కుర్చీలేసుకుని కూర్చుని మాకన్నా ఎక్కువ సంతోషపడినారు. రాత్రి పదికి సౌండ్ ఆపాలని రూలే ఉంది, మేమైతే తొమ్మిదిన్నరకే ఆపేస్తాం.

అడుగు కన్నా ముందు చెవి

మొదటి ఏడాది మేం చేసిన తప్పు ఇదే, వీడియోలు చూసి అడుగులు నేర్చుకుని రండి అని అందరికీ మెసేజ్ పెట్టినాం, వచ్చినోళ్ళు కాళ్ళ వైపు చూసుకుంటా లెక్కపెట్టుకుంటా ఉంటే పాట దాని దారిన అది పోయింది, సగం మంది అరగంటకే కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించింది మా చిన్నాయన. ఆయన ఊర్లో చెక్కభజన నేర్పిస్తాడు, ఊరికే భోజనానికి వచ్చి బేసీ పాట కాసేపు విని, గుర్రం నడక కదరా నాయనా ఇది, అన్నాడు. అంతే, నాకు ఏ వీడియోలోనూ అర్థం కానిది ఆ ఒక్క మాటలో అర్థమైపోయింది.

స్వింగ్‌లో ఒక్కో దెబ్బ రెండు సమాన ముక్కలుగా విరగదు. తకిట అని మూడు ముక్కలు చేసి నడిమి దాన్ని మింగేసి "తా..ట తా..ట" అని అనుకోండి, మొదటిది పొడుగు, రెండోది పొట్టి, అచ్చం గుర్రం డెక్కల చప్పుడు. పాట పెట్టి అందరూ నోటితో ఇదే అనండి, రెండు పాటలు ఇట్లే పోనీండి. తర్వాత చప్పట్లు. మన భజనల్లో మొదటి దెబ్బ మీద చెయ్యి పడతాది కదా, ఈడ ఒకటి రెండు మూడు నాలుగులో రెండు మీద, నాలుగు మీద కొట్టాలి. మొదట్లో చెయ్యి దానంతటదే ఒకటి మీదకే పోతాది, ఒకటికి కాలు వెయ్యండి రెండుకి చప్పట కొట్టండి, చెక్కభజన ఆడినోళ్ళకి ఇది చిటికెలో వచ్చేస్తాది, కాలూ చెయ్యీ వేరే వేరే పని చేయడం వాళ్ళకి అలవాటే.

ఇంక అడుగు

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేతులు నడుం ఎత్తులో వదులుగా పట్టుకోండి, గుంజుకోవద్దు. జంటలో ఒకరు నడిపించాలి, ఇంకొకరు వాళ్ళతో పాటు కదలాలి. నడిపించేవాళ్ళు ఎడమ కాలు పక్కకి, రెండు దెబ్బలు. కుడి కాలు పక్కకి, ఇంకో రెండు దెబ్బలు. తర్వాత ఎడమ కాలు వెనక్కి ఒక దెబ్బ, కుడి కాలు ఉన్నచోటే మళ్ళీ ఒక దెబ్బ. "నిదానం, నిదానం, చక చక" అని పైకే అనుకుంటా చేయండి, మొత్తం ఆరు దెబ్బలు. ఎదుటోళ్ళు అద్దంలో మాదిరి అదే కుడి కాలుతో మొదలుపెట్టాలి. మోకాళ్ళు కొంచెం వంగి ఉండాలి, ఒళ్ళు బిగపట్టకుండా వదులుగా ఉండాలి. ఇది ఒంటికి పట్టినాక ఆ నిదానం అన్నచోట రెండు దెబ్బల్లో మూడు చిన్న అడుగులు వేస్తే అసలు స్వింగ్ అడుగు అయిపోతాది. చెయ్యి పైకెత్తి కింద నుంచి ఎదుటోళ్ళని ఒక చుట్టు తిప్పడం రెండో వారం చూసుకోండి. ఎగిరేయడాలు, ఎత్తుకోవడాలు మిద్దె మీద ఎప్పటికీ వద్దు.

ఎవరూ కుర్చీలో మిగలకూడదు

నా దృష్టిలో ఈ సాయంత్రం బాగా జరిగిందా లేదా అనేది దీన్ని బట్టే. కోలాటంలో చూడండి, ఒకరితోనే కోలలు కొట్టుకుంటా ఉండరు, చుట్టు తిరిగేకొద్దీ ఎదుటి మనిషి మారతానే ఉంటాడు. ఇదీ అంతే. ఒక పాటకి ఒక జంట, మూడు నిమిషాలు కాగానే నడిపించేవాళ్ళు కుడి పక్కకి ఒకరు జరగాలి. ఇట్ల చేస్తే డాన్స్ వచ్చినోళ్ళు రానోళ్ళకి చెప్పకుండానే నేర్పించేస్తారు, ఎవరు ఎవరితో ఆడుతున్నారు అని గుసగుసలకి కూడా చోటుండదు. మగోళ్ళే నడిపించాలనే రూల్ పెట్టొద్దు, మా దాంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు కలిసి ఆడతారు, ఇద్దరు మగపిల్లలు ఆడతారు, ఒక అక్కయ్య అందరికన్నా బాగా నడిపిస్తాది. చేతులు పట్టుకోవడం ఇబ్బందిగా ఉన్నోళ్ళు ఒక తువ్వాలు ఆ కొసా ఈ కొసా పట్టుకుని ఆడొచ్చు, మేం ఒక సాయంత్రం మొత్తం అట్లే చేసినాం, బాగా కుదిరింది. ఆడదామా అని అడగాలి, వద్దు అంటే సరే అని నవ్వి గమ్మున పక్కకి పోవాలి, ఎందుకు అని అడగకూడదు, బతిమాలకూడదు. ఈ మాట మొదట్లోనే అందరి ముందర గట్టిగా చెప్పేయండి, కొత్తగా వచ్చిన ఆడపిల్లల ముఖంలో భయం అప్పుడే పోతాది.

నీళ్ళూ తిండీ

ఒక కడవ నీళ్ళు, ఒక బిందె పలచటి ఉప్పు మజ్జిగ, నిమ్మకాయ పిండిన నన్నారి షర్బత్. మూడు పాటలకి ఒకసారి అందరూ తాగాల్సిందే, చెమట అట్ల కారతాది. ఇంకో చొక్కా, తువ్వాలు తెచ్చుకోమనండి, తడిసిన చొక్కాతో జంట మారడం బాగుండదు. ఎవరికైనా తల తిరిగినట్లుంటే, వాంతి వచ్చేటట్లుంటే ఆ రోజుకి ఆట చాలు, గాలి తగిలేచోట కూర్చోబెట్టి తడిబట్ట వేయండి, తేరుకోకపోతే ఆస్పత్రికి తీసుకుపోండి. ఆడే ముందు బొరుగులు, ఉల్లిగడ్డ ముక్కలు చాలు, కారం దోశ ఆట అయినాకే. ఇంకోటి, మే నెలలో ఉన్నట్టుండి గాలివాన వస్తాది, మెరుపు కనపడగానే పాట మధ్యలోనైనా స్పీకర్ తీసుకుని కిందికి దిగిపోండి.

తొమ్మిదీ ఇరవైకి ఒక నిదానం పాట పెట్టండి, దానికి అడుగులు చెప్పొద్దు, కూర్చున్న అవ్వా తాతల్ని కూడా లేపండి. మే 26 ఫ్రాంకీ మానింగ్ పుట్టినరోజు, 1914లో పుట్టినాడు, సవాయ్‌లో పేరు మోసిన ఆటగాడు, ఆ రోజుని లోకమంతా లిండీ హాప్ రోజుగా చేసుకుంటారు. మేం ఏటా ఆ తారీకు దగ్గరి శనివారం పెట్టుకుంటాం, పోయినేడు మా చిన్నాయన చెక్కలు పట్టుకునే వచ్చి బేసీ పాటకి రెండు మీదా నాలుగు మీదా కొట్టినాడు, ఈసారి తన శిష్యులు నలుగుర్ని తీసుకొస్తానన్నాడు.