వైజాగ్‌లో ఏడాదంతా టెంట్‌లో ఉండాలంటే

టెంట్ కాపురం అనగానే చలెలా అని అడుగుతారు, మన వైజాగ్‌లో చలి లెక్కే కాదండి, ఎండ, ఉప్పుగాలి, తుఫాను ఈ మూడిటికే రెడీ అవ్వాలి. ఒడ్డున వద్దు, భీమిలి వైపు ఏ జీడితోట ఓనర్‌నో అడిగి కొంచెం మెరక మీద వేస్కోండి, చుట్టూ జానెడు లోతు కాలవ తవ్వండి.

ఎండకి నైలాన్ గుడ్డ చివికిపోతుంది, అందుకే టెంట్ మీద సరుగుడు కర్రలతో పందిరేసి తాటాకు కప్పండి, మధ్యలో మూరెడు ఖాళీ వదలండి, గాలి ఆడితేనే ఉక్క తగ్గుతుంది. నేను మొదటేడు పందిరి వెయ్యలేదు, మే నెలాఖరుకి గుడ్డని వేలితో నొక్కితే చిరిగింది, భలే బాధేసింది.

ఇసక నేలలో మేకులు నిలవవు. గోనెసంచిలో ఇసక నింపి, సంచి నడుముకి టెంట్ తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో అడ్డంగా పాతేయండి, ఎంత లాగినా కదలదు. జిప్పులు ఉప్పుకి పట్టేస్తాయి, మంచినీళ్లతో తుడిచి ఆరాక కొవ్వొత్తి రుద్దండి.

వంట బయటే. లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మహావృక్షాలే వేళ్లతో సహా లేచిపోయాయి, టెంట్ ఎంత చెప్పండి. అక్టోబర్, నవంబర్‌లో రోజూ వాతావరణం వార్త చూడండి, హెచ్చరిక రాగానే టెంట్ దించి, కాగితాలు, బట్టలు ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి మూత బిగించి, తెలిసినవాళ్ల స్లాబ్ ఇంటికి వెళ్లిపోండి.