బండిలో పెట్టుకునే టూల్ బాక్స్ ఎలా ఎంచుకోవాలి?

టూల్ బాక్స్ కొందామని హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే ముందు సైజు చూస్తాం, తర్వాత రేటు అడుగుతాం, బాగానే ఉంది కదా అని కొనేస్తాం, నెల తిరక్కుండానే ఆ బాక్స్ బండిలో ఓ మూలకి చేరిపోద్ది, పానాలూ పట్టకార్లూ మళ్ళీ పాత గోనె సంచిలోకే వచ్చేస్తాయి. మన శ్రీకాకుళం జిల్లాలో మోటార్ల పనులు, ప్లంబింగు, కరెంటు, ఏసీ పనులు చేసుకునేవాళ్ళ బళ్ళు చూస్తే చాలా వాటిలో ఇదే వరస. ఆ బాక్సులు చెడ్డవేం కావు, ఆ పనికీ ఆ బండికీ సరిపడలేదు అంతే.

బాక్స్ గురించి ఆలోచించే ముందు ఒకటి తేల్చుకోవాలి. మీ బండి ఎక్కడ ఆగుతాది, పని ఎక్కడ జరుగుతాది, మధ్యలో సామాను మోసుకుంటూ ఎంత దూరం నడవాలి? ఉద్దానం వైపు చూడండి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల్లో బోరు మోటారు ఎక్కడో కొబ్బరి చెట్ల మధ్యన లోపలికి ఉంటాది, బండి రోడ్డు మీదే ఆగిపోద్ది, ఇసకలో నడిచి వెళ్ళాలి. అదే రణస్థలం, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనైతే బండి షెడ్డు పక్కదాకా వెళ్ళిపోద్ది. ఈ ఇద్దరికీ ఒకే బాక్స్ పనికిరాదు. మొదటివాళ్ళకి చేత్తో తీసుకెళ్ళేది ముఖ్యం, రెండోవాళ్ళకి బండిలో కదలకుండా ఉండేది ముఖ్యం.

1. సామానంతా కింద పరిచెయ్యండి

ఒక పాత టార్పాలిన్ వేసి మీ దగ్గరున్న ప్రతి సామానూ దాని మీద పెట్టండి. మూడు కుప్పలు చెయ్యండి. ఏ పనికెళ్ళినా చేతిలోకి వచ్చేవి ఒకటి, అంటే టెస్టర్, కటింగ్ ప్లేయర్, స్క్రూ డ్రైవర్లు, రెండు మూడు సైజుల పానాలు, టేపు. పనిని బట్టి తీసేవి రెండోది, డ్రిల్లింగ్ మిషను, గ్రైండరు, పైపు రించులు, ఏసీ వాళ్ళకైతే గేజులు, వ్యాక్యూమ్ పంపు. ఎప్పుడో గానీ అవసరం పడనివి మూడోది. ఈ మూడో కుప్పని చాలామంది రోజూ బండిలో తిప్పుతుంటారు, దాని బరువుకి పెట్రోలు దండగ, పైగా కావాల్సినది దాని కిందే ఇరుక్కుంటాది. వాటిని ఇంటి దగ్గరే ఉంచెయ్యండి.

తర్వాత మొదటి కుప్పని సంచిలో వేసి కాటా మీద తూచండి, ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, రెండు చేతులతో, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తడానికే 23 కిలోలు హద్దు అని పెట్టింది. మనం ఒంటి చేత్తో, గట్టు మీద, వంగి ఎత్తుతాం కాబట్టి చేత్తో మోసే బాక్స్ సామాన్లతో కలిపి 10, 12 కిలోలు దాటకుండా చూసుకుంటే మంచిది. అంతకన్నా ఎక్కువుంటే ఒకటి పెద్దది కొనడం కన్నా రెండు చిన్నవి కొనండి, రెండు చేతులకీ సమానంగా పడతాది, నడుం ఒక పక్కకి వంగదు.

2. పొడవైన సామాను కొలిచి చూడండి

షాపులో బాక్సులు 13, 16, 19, 22 ఇంచులు అని అంటారు కదా, అది సాధారణంగా బయటి కొలత. లోపల అంతకన్నా తక్కువే ఉంటాది, కింద అంచులు లోపలికి వాలి ఉంటే ఇంకా తగ్గుతాది. 16 ఇంచులంటే 40 సెంటీమీటర్లు. హాక్సా బ్లేడే 12 ఇంచులు, ఫ్రేమూ పిడీ కలిపితే 16 ఇంచుల బాక్సులో తిన్నగా పట్టడం కష్టం. 18 ఇంచుల పైపు రించు ఉన్నవాళ్ళు 19 ఇంచుల బాక్స్ కొంటే ఐమూలగా పెట్టినా పట్టకపోవచ్చు, అలాంటప్పుడు 22 కి వెళ్ళాలి, లేదా రించుని బాక్సులో కాకుండా బండికే విడిగా క్లిప్పు పెట్టి తగిలించుకోవాలి. రెండో పద్ధతే నాకు నచ్చుతాది, ఎందుకంటే ఒక్క రించు కోసం పెద్ద బాక్స్ కొంటే మిగతా జాగా అంతా చెత్తతో నిండిపోద్ది. రెండడుగుల లెవెలూ అంతే, దాన్ని బాక్సులో ఇరికించాలని చూడకండి.

షాపుకి వెళ్ళేటప్పుడు మీ పొడవైన సామాను చేతిలో పట్టుకునే వెళ్ళండి, మూత పెట్టి చూసి కొనండి. ఆన్‌లైన్లో కొంటుంటే లోపలి కొలత రాశారో లేదో చూడండి, రాయకపోతే అది వదిలెయ్యడమే.

3. మీ బండిని బట్టి

బైకు, టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద తిరిగేవాళ్ళకి గుడ్డ సంచే మేలు, గట్టి బాక్స్ కాదు. మందపాటి కాన్వాస్ గానీ నైలాన్ గానీ, కింద రబ్బరు అడుగు ఉండి, లోపల జేబులున్న సంచి తీసుకోండి. ఎక్స్‌ఎల్‌కి సీటు ముందు బల్లలా జాగా ఉంటాది కాబట్టి బరువు అక్కడ పెడితే బ్యాలెన్స్ బాగుంటాది. హ్యాండిల్‌కి మాత్రం తగిలించొద్దు, మలుపు దగ్గర హ్యాండిల్ లాగేస్తాది. సీటు వెనక పెట్టే టాప్ బాక్సుల మీద ఎన్ని కిలోలు మొయ్యొచ్చో కంపెనీ రాసి ఉంచుతాది, ఆ లెక్క చాలా తక్కువే ఉంటాది, ఇనప సామాన్లు అందులో వేస్తే బండి వెనక్కి తూగిపోవడం, బ్రాకెట్ విరిగిపోవడం జరుగుతాది. పక్కన కట్టే ఇనప పెట్టెలైతే రెండు పక్కలా ఒకే బరువు ఉండాలి.

ఆటో వాళ్ళకి వెనక సీటు వెనకున్న జాగా చాలు, దానికి వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ ఉన్న బాక్స్ సరిపోతాది.

టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి ఓపెన్ బళ్ళకి లెక్క వేరు. ఇక్కడ బాక్స్ బండికే బిగించి ఉండాలి, క్యాబిన్ వెనక గోడకి ఆనించి అడ్డంగా పెట్టే ఇనప పెట్టె మంచిది, బరువు టైర్ల మధ్యకి వస్తాది. ఆ పెద్ద పెట్టెలో చేత్తో తీసుకెళ్ళే చిన్న సంచి ఒకటి పెట్టుకోండి. పెట్టె తాళంతో రోడ్డు మీద ఉంటాది, మీరు సంచి పట్టుకుని తోటలోకి వెళ్తారు. ఈ జోడీ కుదిరిందంటే పని చాలా బేగి అవుతాది. పెట్టె పక్కలకి బాడీ దాటి బయటికి రాకూడదు, చాసిస్‌కి వెల్డింగ్ చేయించొద్దు, బోల్టులే వెయ్యండి. బండి ఒరిజినల్ రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాది, పైగా రేపు బండి అమ్మేటప్పుడు పెట్టె తీసుకోడానికీ బోల్టులే నయం.

ఈకో లాంటి మూసిన వ్యానుంటే ఒకదాని మీద ఒకటి లాక్ అయ్యే బాక్సులు తీసుకోవచ్చు. బాష్ ఎల్-బాక్స్, డివాల్ట్ టఫ్‌సిస్టమ్, మిల్వాకీ ప్యాకౌట్ లాంటివి. కావాల్సిన బాక్స్ ఒక్కటే ఊడదీసుకుని వెళ్ళొచ్చు. ఒక కంపెనీది ఇంకో కంపెనీ దాని మీద చాలావరకు లాక్ అవ్వదు, అందుకని మొదటి బాక్స్ కొనేటప్పుడే తర్వాతవి కూడా మన ఊళ్ళో, కనీసం వైజాగ్‌లో దొరుకుతాయా అని కనుక్కోండి.

4. ఇనుమా, ప్లాస్టిక్కా, అల్యూమినియమా?

మన దగ్గర ఈ ప్రశ్నకి జవాబు సముద్రం చెప్తాది. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, కళింగపట్నం, భావనపాడు, బారువ చుట్టుపక్కల తిరిగేవాళ్ళకి ఉప్పు గాలి తప్పదు. ఇనప బాక్సుకి పెయింటు ఎక్కడ గీరుకుపోయిందో అక్కడ్నుంచే తుప్పు మొదలవుతాది, ముందు కీళ్ళ దగ్గర, తర్వాత అడుగున. మెట్లలా విప్పుకునే ఇనప బాక్స్ చాలా సౌకర్యం, అన్ని ట్రేలూ ఒకేసారి కనబడతాయి, మెకానిక్ షెడ్డులో ఉండేవాళ్ళకి దాన్ని మించింది లేదు. కానీ ఆ కీళ్ళు చాలా ఉంటాయి, ఉప్పు గాలికి అన్నీ పట్టేస్తాయి, అందుకని నెలకోసారి నూనె వెయ్యగలిగితేనే తీసుకోండి.

తీరం పక్కన తిరిగేవాళ్ళకి మందపాటి ప్లాస్టిక్కే నా సలహా. పల్చటి ప్లాస్టిక్ ఎండకి పెళుసైపోద్ది, రెండు వేసవులు చూసేసరికి మూలలు చిట్లిపోతాయి. కొనేటప్పుడు ఖాళీ బాక్స్ మూత మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి, లోపలికి సొట్ట పడుతుంటే వద్దు. లాకులు మాత్రం ఇనుమువి, వీలైతే స్టెయిన్‌లెస్‌వి ఉండాలి. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు అంటారు గానీ ఉప్పు తడిలో ఇనప బోల్టు తగిలిన చోట అల్యూమినియమే తినేయబడి అరిగిపోద్ది, మధ్యలో రబ్బరు గానీ నైలాన్ గానీ వాషర్ వేయించండి.

వాన గురించి కూడా ఆలోచించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి, లైన్లు వేసినవాళ్ళు రోజుల తరబడి ఆ తడిలోనే పని చేశారు. తుపాను లేకపోయినా అక్టోబరు, నవంబరు మనకి వానలే. ఓపెన్ బండి ఉన్నవాళ్ళు బాక్స్ మీద ఐపీ నంబరు చూడండి. ఐపీ 65 అంటే మొదటి అంకె 6, దుమ్ము అసలు చొరబడదని, రెండో అంకె 5, ఏ పక్క నుంచి నీళ్ళు చిమ్మినా లోపలికి పోవని. ఐపీ 54 అయితే కొంచెం దుమ్ము చేరొచ్చు, జల్లు ఆపుతాది. నంబరే లేకపోతే మూత అంచు చుట్టూ రబ్బరు సీలు ఉందో లేదో చూడండి, అదీ లేకపోతే అది వాన బాక్స్ కాదు. ఇనప పెట్టె చేయించుకుంటే మూత అంచు రెండు ఇంచులు కిందికి దిగేలా చెప్పండి, అడుగున నాలుగు చిన్న బెజ్జాలు పెట్టించి లోపల చెక్క పలకలు పరచండి, నీళ్ళు చేరినా కిందికి పోతాయి, సామాను తడవదు.

5. పిడి, లాకులు, కీళ్ళు

బాక్సులు చాలావరకు చెడిపోయేది ఇక్కడే. షాపులో ఖాళీగా ఎత్తి చూస్తే ఏమీ తెలీదు. అక్కడున్న మేకులో, నట్టు బోల్టులో పది కిలోలు దాకా అందులో పెట్టించి పిడి పట్టుకుని ఎత్తి, కొంచెం ఊపి చూడండి, షాపతను ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. పిడి రెండు చివర్లా బాడీలోకి లోహం పిన్ను వెళ్ళి ఉండాలి, ప్లాస్టిక్ ముక్కు మీద వేలాడుతుంటే అది ఎక్కువ రోజులు ఉండదు. లాకులు చెమట పట్టిన చేత్తో, గ్లవ్స్‌తో కూడా తియ్యగలగాలి. తాళం వేసుకునే బెజ్జం ఉందా చూడండి.

6. కదలకుండా కట్టండి

చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నాను. 50 కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్న బండి దేన్నైనా గుద్ది ఆగిపోతే వెనకున్న బాక్స్ అదే స్పీడుతో ముందుకొస్తాది, పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినంత దెబ్బ. 80 అయితే పాతిక మీటర్లు. 16వ నంబరు హైవే మీద రోజూ వెళ్ళే స్పీడే ఇది, మీ వీపు వెనక పానాల బాక్స్ ఊరికే పెట్టుకుని వెళ్ళకండి. కారు, వ్యాను అయితే బరువైన బాక్స్ కింద నేల మీద, సీటు వెనక్కి ఆనించి పెట్టి, నేలకున్న హుక్కులకి రాచెట్ బెల్టుతో, అంటే పిడి ఆడించి బిగించే బెల్టుతో కట్టండి. సాగే రబ్బరు తాళ్ళు తేలిక సంచులకే, ఇనుము బరువుకి ఆగవు. బాక్స్ కింద రబ్బరు మ్యాట్ ముక్క వేస్తే జారదు, మోత కూడా తగ్గుతాది. కొత్తగా బిగించాక మొదటి వారం రోజూ బెల్టు, బోల్టులు చెయ్యి పెట్టి చూడండి, గోతుల రోడ్డు మీద అవి లూజవుతాయి.

7. బాక్సులో పెట్టకూడనివి

సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు అతికించే సాల్వెంట్ డబ్బా మూసిన బాక్సులో పెట్టొద్దు, దాని ఆవిరి మండుతాది. రాగి పైపులు అతికించే బ్రేజింగ్ టార్చ్ గ్యాసు డబ్బాలూ అంతే. ఏసీ గ్యాసుల్లో ఆర్ 32 కి మండే గుణం కొంచెం ఉంది, ఆర్ 290 అంటే ప్రొపేనే, బాగా మండుతాది, సిలిండర్ నిలబెట్టి, గాలి ఆడే చోట, ఎండ తగలకుండా కట్టాలి. మన దగ్గర మే నెల్లో బయట 38, 40 ఉంటే ఎండలో మూసేసిన బండి లోపల గంటలో 55, 60 డిగ్రీలకి వెళ్ళిపోద్ది. కార్డ్‌లెస్ డ్రిల్లు బ్యాటరీలు ఆ వేడిలో వదిలెయ్యకండి, వాటిని చేతి సంచిలోనే ఉంచుకుని మీతో పాటు దింపేసుకోండి, వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టొద్దు.

8. తుప్పు పట్టకుండా

తడి సామాను తుడవకుండా బాక్సులో వేసి మూత పెట్టేస్తే ఎంత మంచి బాక్సైనా లోపలి తడిని బయటికి పోనివ్వదు, సీలున్న బాక్సుల్లో ఇది ఇంకా ఎక్కువ. తుడిచి, పల్చగా మెషిన్ ఆయిల్ రాసి పెట్టండి. సిలికా జెల్ సంచులు రెండు వెయ్యండి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తడి పీల్చేసుకున్నట్టు, వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి. వంట గిన్నెల్లో మాత్రం వేడి చెయ్యకండి, ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, కడుపులోకి వెళ్తే హాని. బాక్స్ వారానికోసారైనా మూత తీసి నీడలో ఆరనివ్వండి.

ఇక సర్దుకోవడం. బరువైనవి అడుగున, రోజూ తీసేవి పైన, నట్టులూ వాషర్లూ మూతలున్న చిన్న డబ్బాల్లో. అన్నీ సర్దాక ప్రతి ట్రేనీ ఫోన్లో ఫొటో తీసుకోండి, సాయంత్రం తోటలోంచి వచ్చేముందు ఆ ఫొటో పక్కన పెట్టుకుని చూస్తే ఏ పానా మోటారు దగ్గర వదిలేశారో అక్కడే తెలిసిపోద్ది.