అండమాన్ నడకలకు ముందు పొద్దు, పోటు చూసుకోండి

దక్షిణ అండమాన్ కొసన ఉన్న చిడియా టాపు దగ్గర, ముండా పహాడ్ అనే కొండ అంచుకు నడక ఒకవైపు సుమారు ఒకటిన్నర కిలోమీటరు. ఆ మాట వినగానే మనవాళ్లు చెప్పులతోనే, చేతులూపుకుంటూ బయలుదేరతారు. చిక్కంతా పొద్దుతోనే. దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు దిగిపోతాడు, చెట్ల కింద అంతకన్నా ముందే మసక కమ్ముతుంది. సూర్యాస్తమయం దాకా కొండ మీద కూర్చుంటే, తిరుగుదారిలో వేళ్లనూ రాళ్లనూ కాళ్లతో తడుముకోవాలి. మధ్యాహ్నం 3 గంటలకల్లా పైకి చేరి, వెలుగుండగానే దిగి, అస్తమయం కింది తీరంలో చూడండి. టార్చి విడిగా పెట్టుకోండి. ఫొటోలతోనే ఫోను సగం ఖాళీ అయిపోతుంది.

నీల్ దీవి (ఇప్పటి షహీద్ ద్వీప్)లోని సహజ రాతి వంతెన దగ్గర లెక్క వేరు. అక్కడికి పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసినప్పుడే వెళ్లాలి. ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్న వెళ్లివచ్చిన వారి మాట ఈ రోజుకు పనికిరాదు. అమావాస్యకు, పౌర్ణమికి నీరు బాగా లోపలికి పోతుంది, అంత జోరుగానూ తిరిగొస్తుంది. వేళ స్థానికులనే అడగండి. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం)లో అయితే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారులు పోటు, పాటు గురించి తెలుగులోనే చెబుతారు. పగడపు రాళ్లకు కాళ్లు కోసుకుపోతాయి, పాచి జారుతుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తప్పనిసరి.

మొసళ్ల హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. మడ అడవుల పక్కన, కాలవ సముద్రంలో కలిసేచోట కాళ్లు కడుక్కోవడం కూడా వద్దు. హేవ్‌లాక్ దీవి (ఇప్పటి స్వరాజ్ ద్వీప్)లో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లే అడవిదారి వానల్లో బురదమయం, జలగలూ పట్టుకుంటాయి. పొడవు సాక్సు వేసుకోండి, ఉప్పు పొట్లం ఒకటి జేబులో ఉంచుకోండి.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోకండి, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. ఇక మే నెల నడిమి నుంచి నైరుతి వానలు, అవి తగ్గాక తుపానుల కాలం. సముద్రం బాగా లేచిందంటే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. తిరుగు విమానానికి ముందు ఒక రోజంతా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేలా టికెట్లు తీసుకోండి. ఆ రోజు మిగిలితే, పాత 20 రూపాయల నోటు వెనక ఉన్న దృశ్యాన్ని మౌంట్ హ్యారియెట్ కొండ (ఇప్పటి మౌంట్ మణిపూర్) నుంచి చూసి రావచ్చు.