మడత విప్పి చూపించండి, చాలు

బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టులో ఇరవై ఎనిమిదేళ్లు గుమాస్తాగా చేశాను. ఎంత పేచీకోరు బేరమైనా షావుకారు నా దగ్గరికే పంపేవారు. అలాంటి నేను, సొంత కథల పుస్తకం అచ్చయి ఇంటికొచ్చిన రోజు కట్టలన్నీ మంచం కిందికి తోసి, ఎవరికీ కనబడకుండా దుప్పటి అంచు నేలదాకా లాగాను. ఎనిమిది నెలలు ఆ మంచం మీదే పడుకున్నాను. ఐదు వందల ప్రతుల్లో అమ్ముడైనవి తొమ్మిది. అందులో రెండు మా బావమరిది కొన్నవి.

ఇప్పుడు అరవై మిగిలాయి. మధ్యలో ఏం చేశానో నాలాంటి బిడియస్తుల కోసం రాస్తున్నాను. చొరవ ఉన్నవాళ్లకు ఇందులో పనికొచ్చేదేమీ లేదు.

అచ్చు సంగతి రెండు మాటల్లో చెబుతాను. మొదటిసారే ఐదు వందలు వేయించకండి. డిజిటల్ ముద్రణలో వంద కూడా వేస్తారు. ప్రతికి ఖర్చు కాస్త ఎక్కువ పడినా మంచం కింద చీపురు ఆడుతుంది. పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అదే ఐఎస్‌బీఎన్, మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవడమే.

అసలు కష్టం నోరు తెరవడం. నా సిగ్గంతా "నా పుస్తకం బాగుంటుంది" అనే ఒక్క మాట దగ్గరే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ మాట అనకండి. కొట్టులో చీర గురించి కూడా నేనెప్పుడూ అనలేదు. బరంపురం పట్టు తీసి, మడత విప్పి, పరుపు మీద పరిచి, "అంచున ఈ గుడి గోపురాల వరస చూడండి, దీన్ని కుంభం అంటారు. ఇక్కడి మగ్గమే. ధర ఇంత" అని చేయి వెనక్కి తీసుకునేవాణ్ని. ఆ తర్వాత మనం మాట్లాడితే బేరం చెడుతుంది. వాళ్ల చేయి దానంతట అది అంచు మీదికి రావాలి.

పుస్తకానికీ అంతే. దేని గురించి, ఎన్ని, ఎంత. నాది ఇలా ఉంటుంది: "బరంపురం నేతవీధుల కథలండీ. పన్నెండు. నూట యాభై రూపాయలు." సాయంత్రం నడకలో పైకి చెప్పుకుంటూ అలవాటు చేసుకోండి. ధర దగ్గరికి రాగానే గొంతు దిగిపోతుంది, గమనించండి. నాది వారం రోజులు "నూట" దగ్గరే ఆగిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి "మీ ఇష్టం, ఎంతైనా ఇవ్వండి" అనకండి. ఎంత ఇవ్వాలో తెలియక పాపం వాళ్లు ఇబ్బంది పడతారు.

తర్వాత ఒక పేజీ ఎంచుకోండి. మొదటిదే కానక్కర్లేదు. నాది 41. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో, నేసిన చీరలు అమ్ముడుపోని ఒక నేతగాడు కొడుక్కి పులి వేషం కట్టించే చోటు అది. పోయిన మాఘమాసంలో ఇచ్ఛాపురంలో ఒక పెళ్లికి వెళ్లాను. బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన "తమరేం చేస్తుంటారు" అన్నారు. మూడు ముక్కలూ చెప్పాను. చేతులు కడుక్కున్నాక సంచిలోంచి పుస్తకం తీసి 41 తెరిచి ఇచ్చి, వక్కపొడి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన చదివి, పేజీ తిప్పారు. నేను తిప్పమనలేదు. "మా నాన్నా పులి వేషం కట్టాడండీ, మొక్కు" అన్నారు కాసేపటికి. రెండు ప్రతులు తీసుకున్నారు. ఫోనులో డబ్బు పంపడానికి నా దగ్గర క్యూఆర్ కోడ్ లేదు. ఇంటికెళ్లి పంపుతానన్నారు. ఇంకా పంపలేదు. మీరు మాత్రం చూపించే పుస్తకం అట్ట లోపల ఆ కోడ్ అంటించుకోండి.

సభ పెట్టమని అందరూ అంటారు. నా వల్ల కాదంటే, పర్లాకిమిడి మిత్రుడొకడు గిడుగు రామమూర్తి పంతులుగారిని గుర్తు చేశాడు. మలేరియా మందు క్వినైన్ వల్ల చెవులు వినబడకపోయినా ఊరూరా సభల్లో వాడుక భాష కోసం వాదించారు కదా అన్నాడు. నిజమే. కానీ ఆయన వాదించింది భాష కోసం. నేను అడగాల్సింది నూట యాభై రూపాయలు. రెండోదే కష్టం. సభకు శాలువాలు, టిఫిన్లు లెక్కేసి చూస్తే నలభై ప్రతుల ధర తేలింది. మానేశాను. ఆ డబ్బులో కొంత పెట్టి పత్రికలకు సమీక్ష కోసం రెండేసి ప్రతులు పంపాను. మీరూ పంపండి, పంపాక ఫోన్లు చేయకండి.

పొరుగూళ్లకు పంపాలంటే 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, పన్ను అదనం. శ్రీకాకుళానికైనా హైదరాబాదుకైనా అదే రేటు. పుస్తకం మీద ప్రచురించినవారి పేరో ముద్రించినవారి పేరో ఉండాలి. నిదానంగా వెళుతుంది కాబట్టి కొన్నవారికి ఆ మాట ముందే చెప్పండి.

మా వైపు ఇంకో చిక్కుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు వెళ్లింది. మా వీధిలో తెలుగు గలగలా మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో కాబట్టి. వాళ్లకు 41వ పేజీ తెరిచి ఇస్తే ఏం లాభం? అందుకే ఒక కథ మొదట్లోని మూడు నిమిషాలు చదివి ఫోనులో రికార్డు చేశాను. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, పడకగదిలో. వెనకాల కుక్కరు కూత వినబడుతుంది, తీసేయడం చేతకాలేదు. పులి వేషం మీద రంగు ఆరకముందే ఆపేసి, వాట్సాప్‌లో నలుగురికి పంపాను.

అది చేతులు మారి సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే మా వీధి కుర్రాడికి చేరింది. "బాబాయ్, ఆ పిల్లాడు జాతరకు వెళ్లాడా లేదా?" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. నేను చెప్పలేదు. నూట యాభై పంపి, పుస్తకం వాళ్లమ్మకు ఇమ్మన్నాడు. ఆమెకు చదవడం వచ్చు, అతనికి రాదు. రోజూ డ్యూటీ దిగాక ఫోన్ చేస్తే ఆమె చదివి వినిపిస్తోంది. మొన్న కూరల సంతలో కనబడి, ఆరో కథలో ముసలమ్మను ఎందుకు చంపేశావని నలుగురిలో నిలదీసింది.