ఎంగడీన్ పల్లెకి వెళ్లే విశాఖవాళ్లకి

విశాఖ నుంచి స్విట్జర్లాండ్‌లోని ఎంగడీన్ లోయకి వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఏ గుమ్మంలో ఏ భాష నడుస్తుందో. అరకు సంతలో మనిషిని బట్టి తెలుగు, ఒడియా, కువి మారిపోవడం చూసినవాళ్లకి ఇది వింతేం కాదు. ఆ లోయలోని ఊరు సమేదాన్‌లో పంచాయతీ ఆఫీసు, బడి రొమాంష్‌, జర్మన్ రెండిట్లో నడుస్తాయి. రొమాంష్ ఆ ప్రాంతపు సొంత భాష. హోటళ్లలో, కట్టుబడి పనుల్లో ఇటాలియన్, పోర్చుగీస్ వినిపిస్తాయి.

ఇక్కడ ఏ1, అంటే మొదటి మెట్టు జర్మన్ చదివి వెళ్లినా మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. కోర్సులో నేర్పేది రాతభాష, అక్కడ మాట్లాడేది స్విస్ జర్మన్. "హోఖ్‌డాయిచ్, బిట్టె" (దయచేసి రాతభాషలో) అని అడగండి, చాలామంది రాతభాషలోకి మారతారు. దారిలో ఎదురైనవాళ్లకి "అల్లెగ్రా" అనండి. అది రొమాంష్ పలకరింపు. పల్లెలో పలకరించకుండా పోతే పొగరనుకుంటారు.

దిగిన 14 రోజుల్లోపు, పనిలో చేరకముందే, పంచాయతీలో పేరు నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, అద్దె కాగితం, పెళ్లయితే మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. ఆరోగ్య బీమాకి 3 నెలల గడువుంది కదా అని ఆగినా కలిసొచ్చేదేం లేదు, ప్రీమియం దిగిన రోజు నుంచే లెక్కకడతారు.

అసలు తంటా వంటింట్లో. ఊరు సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంటుంది, నీళ్లు 94 డిగ్రీలకే మరిగిపోతాయి. మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు గంట ఉడికినా పలుకు పోదు. కుక్కర్ తప్పనిసరి. ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియంది పనికిరాదు, ఇండక్షన్ అడుగున్న స్టీలుది తీసుకెళ్లండి, రెండు గాస్కెట్లు అదనంగా. పప్పు అరగంట నానబెట్టి, ఇక్కడ మూడు విజిళ్లకి దించేదాన్ని అక్కడ ఐదు దాకా ఉంచండి. విశాఖ ఉక్కకి రాత్రికి రాత్రే పొంగే ఇడ్లీ పిండి అక్కడ 20 డిగ్రీల గదిలో రోజంతా పట్టొచ్చు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి అందులో పెడితే త్వరగా పులుస్తుంది.

మన మిక్సీకి కరెంటు సరిపోతుంది, రెండుచోట్లా 230 వోల్టులే. ఎర్త్ ఉన్న ప్లగ్ అడాప్టర్ ఒక్కటి చాలు. రాత్రి 10 దాటాక మాత్రం మిక్సీ వేయొద్దు, పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

సామాన్లలో నెయ్యి పెట్టొద్దు, పాల పదార్థాలకి అనుమతి లేదు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకపోతే ఆపేస్తారు. నీడన ఎండబెట్టి, డబ్బాలో వేసి తీసుకెళ్లండి.